హైదరాబాదులో సరిపోయే జీతం

కంచరపాలెంలో వెల్డింగ్ పనిచేసే గుణశేఖర్‌కి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. జీతం ఇక్కడిదానికి రెట్టింపే. కానీ అక్కడి అద్దెలు, స్కూలు ఫీజులు తలుచుకుంటే, పెనం మీంచి పొయ్యిలో పడతానేమోనని భయం.

బియ్యం మూట మూతి కుడుతున్న భార్య పుష్ప విసుక్కుంది. "ఇంకెన్నాళ్లు లెక్కలేత్తావ్? అదే జీతంతో మా అన్నయ్య అక్కడ బతకట్లేదేటి? ఫోన్ సేసి అడుగు."

చేశాడు.

"ఆలోసనేటి బావా! దర్జాగా బతికీవచ్చు. నానే సాచ్చికం!" అన్నాడు దేవీప్రసాద్.

గుణశేఖర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "అయితే వచ్చే నెల్లోనే వచ్చీత్తాం బావా!"

దేవీప్రసాద్ గొంతు తగ్గించి అడిగాడు.

"మీరు కూడా వచ్చీత్తే, నెలనెలా మాకు బస్సులో బియ్యం, ఎండుసేపలు ఎవులంపుతారు బావా?"