శబ్దం తీసేసిన పాఠాలు

పుస్తకాలకు అట్టలు కట్టే బైండరు నోరు ఊరుకునేది కాదు. ఆయన భార్య టీచరమ్మకేమో ముప్పై ఏళ్లుగా క్లాసును గదమాయించిన అలవాటు. ఆయన తూర్పంటే ఆవిడ పడమర. రిటైరయ్యాక ఆవిడకు ఇంటర్నెట్లోని ఉచిత విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాసే పిచ్చి పట్టుకుంది.

"బైండింగ్ గురించి ముక్తసరిగా నాలుగు ముక్కలున్నాయి, అంతే. మీరు చేసి చూపించండి, నేను వీడియో తీస్తాను," అంది ఒకరోజు.

అలా పదకొండు వీడియోలు తీశారు. కాగితాలు మడవడం, దారంతో కుట్టడం, జిగురు పూయడం, అంచులు కోయడం. సూదిలో దారం ఎక్కిస్తూ కూడా ఆయనవి కబుర్లే. తన మోకాలి నొప్పి, పక్కింటి కుక్క, చిన్నప్పుడు తిన్న బెత్తం దెబ్బలు, ఏది పడితే అది. ఆవిడ ఆ శబ్దమంతా తీసేసి, తన గొంతుతో పొందికగా వివరణ చదివి, సర్వస్వంలోకి ఎక్కించేది. ఫోన్లో జాగా చాలదని అసలు వీడియోలు ఎప్పటికప్పుడు చెరిపేసేది. పాఠమంటే పాఠంలా ఉండాలి మరి!

ఓ ఉదయం జిగురు కలుపుతూ కలుపుతూనే ఆయన కుప్పకూలాడు. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

మూడు వారాలయ్యాక ఆవిడకు ఆయన గొంతు వినాలనిపించింది. ఫోనంతా గాలించింది. పదకొండు వీడియోల్లోనూ చేతులు ఆయనవి, గొంతు తనది. చేతులారా చేసుకున్నాను కదా అని తల బాదుకుంది.

సర్వస్వంలో తనతోపాటు వ్యాసాలు దిద్దే ఒక నర్సుకు ఈ సంగతి రాసింది. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

"టీచర్ గారూ, అక్కడ ఒకదాని మీద ఇంకోటి ఎక్కించినా పాతది పోదండీ. పేజీ అడుగున 'చరిత్ర' అని ఉన్నచోట ఉంటుంది. మీ మొదటి వీడియో రెండుసార్లు ఎక్కించారు, చూడండి."

నిజమే. అప్పట్లో పని కొత్త. పొరపాటున శబ్దంతోనే ఎక్కించేసి, మర్నాడు మార్చింది. ఆ పాత వీడియో మీద నొక్కింది.

"చూశావా టీచరమ్మా, ఈ కాగితం అచ్చం నీలాగే. ఓ పట్టాన వంగదు, వంగిందా..." అంటూ నవ్వు. అదే గొంతు, చివర్లో అదే జీర. ఆవిడ కూడా కళ్లనీళ్లతోనే నవ్వేసింది.

వెంటనే ఇంకో గొంతు కటువుగా వినిపించింది. "అబ్బబ్బ, ఆపండి ఆ వాగుడు! మీ మాటలు ఎవరిక్కావాలి?"

"సరేలేవే," అన్నాడాయన.

ఆ తర్వాత కాగితం మడిచే చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంకా ఏడున్నర నిమిషాల వీడియో ఉంది. ఒక్కమాటైనా అంటాడేమోనని ఆవిడ ఫోన్ చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నది. ఆయన మళ్లీ నోరు విప్పలేదు.