పొద్దున వేసిన బిళ్ళ

దేవరాజ్ బస్సు ముందద్దం తుడిచి, జేబులోంచి బిళ్ళ తీసి నీళ్ళతో మింగాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి మెడ, తుడిచి తుడిచి ఎర్రబడిన ముక్కు, ఎప్పుడూ చెమ్మగా ఉండే కళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా నందిగామలో కుటుంబరావుగారి స్కూలు బస్సు నడుపుతున్నాడు. మామిడి తోటలు పూతకొచ్చి, కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారంటే అతనికి రెండు నెలలు తుమ్ములే.

"రాత్రి పడుకునేముందే వేసుకో. నిద్రొస్తుంది," అని మందుల షాపాయన మరీ మరీ చెప్పాడు. కానీ రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి మళ్ళీ మొదలు. పోయినవారం వీరులపాడులో బసవమ్మ మనవరాలిని బస్సెక్కిస్తుండగా ఒక్కసారి తుమ్మాడు. ఆవిడ పిల్లను దించేసుకుంది.

"ఒంటి తుమ్ము. ఇయ్యాళ పంపను, పోవయ్యా."

మర్నాడు మరో ముగ్గురు దించుకున్నారు. కుటుంబరావుగారు పిలిచి, "డ్రైవర్లకేం కరువు దేవరాజూ," అని మాత్రం అన్నారు. తుమ్మితే ఊడే ముక్కులాంటి ఉద్యోగమని ఊళ్ళో చాలామంది వాపోతారు గానీ, నిజంగా తుమ్ముకే ఊడేట్టున్నది తనదొక్కటే. అందుకే బిళ్ళను పొద్దుటికి మార్చాడు.

ఈ రోజు తుమ్ము రాలేదు. బసవమ్మ మనవరాలు అక్షయను ఎక్కించి, "ఇట్టా ఉండాలి," అంది. బస్సులో ముప్ఫైఒక్కమంది పిల్లలు. నులివెచ్చటి ఎండ మొహాన పడుతోంది. ఇంజను మోత ఎక్కడో దూరంగా వినిపిస్తోంది.

"అంకుల్, ఇటు పోతన్నామేంటి?" వెనక సీట్లోంచి అక్షయ అడిగింది.

దేవరాజ్ కళ్ళు తెరిచాడు. ఎడమ చక్రం మట్టిలోకి దిగింది. ఎదురుగా వాగు మీది కల్వర్టు గోడ. స్టీరింగు తిప్పేశాడు. బస్సు ఊగి రోడ్డెక్కింది. ఉయ్యాల ఊగినట్టుందని పిల్లలు నవ్వారు.

భయం వేసింది. వాళ్ళు నవ్వినకొద్దీ అది ఎక్కువైంది. వెనక లారీలు హారన్లు కొడుతున్నా వినకుండా, పెదవి కొరుక్కుంటూ, నందిగామ దాకా రెండో గేరులోనే నడిపాడు. పిల్లలు దిగుతుంటే ఒక్కొక్కరినే చూసి లెక్కపెట్టుకున్నాడు.

తాళాలు కుటుంబరావుగారి బల్ల మీద పెట్టాడు.

"కన్నంటుకుందండి. ఎంతసేపో తెలీదు. సాయంత్రానికి ఇంకోళ్ళని చూసుకోండి."

"ఎవరన్నా చూశారా?"

"లేదండి."

"అయితే నోరు మూసుకుని నడుపు."

"నాకు భయమేస్తందండి," అన్నాడు దేవరాజ్. దణ్ణం పెట్టి బయటికొచ్చి, గేటు దాటి, ఎండెక్కుతున్న తారు రోడ్డు మీద ఇంటికి నడిచాడు.

సాయంత్రం కొత్త డ్రైవరు బస్సెక్కితే, సీటు పక్కన, బ్రేకు మీద కాలు జారకుండా ఉండాలని దేవరాజ్ విప్పి పెట్టుకున్న చెప్పులు జతగా ఉన్నాయి.