పిరోష్కా పెళ్లిలో పోలండ్ పిల్ల

ఎగెర్ కోట లోపల ఏముంటుందో బొజెన్నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆ ఏడు పోలండ్‌లోని నోవీ సాంచ్ బడి నుంచి హంగరీ చూడడానికి వెళ్లిన పిల్లల్లో కోటలో అడుగుపెట్టనిది ఆమె ఒక్కతే. చూసినవాళ్లంతా కోటను ఎప్పుడో మరిచిపోయారు. ఆమె సంగతి మాత్రం యాభై దాటాక కూడా, కలిసినప్పుడల్లా పట్టుబట్టి చెప్పించుకుంటారు.

అప్పుడామెకు పదహారేళ్లు. బస్సెక్కితే చాలు, కడుపులో తిప్పేది. మిష్కోల్ట్స్ ఊళ్లో దిగిన హాస్టల్ నుంచి ఎగెర్‌కు బయల్దేరే ముందు కునెగుండా టీచర్ ఆమె చేత ఒక మాత్ర మింగించి, "వెనక సీట్లో పడుకో. కోట రాగానే లేపుతాను" అంది. ఆ మాత్ర వాంతినైతే ఆపింది కానీ మనిషిని మత్తులో ముంచేసింది.

ఎగెర్ సంత దగ్గర చెర్రీలు కొనుక్కోవడానికి పిల్లలంతా దిగారు. బొజెన్నా కూడా దిగి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, కళ్లు సగం మూసుకునే నీలం బస్సు ఎక్కేసి వెనక సీట్లో ఒరిగిపోయింది. అక్కడ నీలం బస్సులు రెండున్నాయని చూసుకోలేదు. అవతల వాళ్ల బస్సులో టీచర్ లెక్క మొదలుపెట్టగానే, స్నేహితురాలు లుత్సీనా వెనక సీటు మీద బొజెన్నా వదిలేసిన స్వెట్టర్ కుప్ప చూసి, "బొజెన్నా పడుకుంది టీచర్!" అని అరిచింది. బస్సు కదిలింది. కోట దగ్గర కూడా మత్తులో ఉందిలే అని టీచర్ లేపలేదు; అది ఒట్టి స్వెట్టరని కోట చూసి వచ్చాకే తెలిసింది.

అకార్డియన్ మోతకు బొజెన్నాకు మెలకువ వచ్చింది. చుట్టూ అంతా కొత్త మొహాలే. మగవాళ్ల కోటులకు పువ్వులు, ఆడవాళ్ల ఒళ్లో పళ్లాల కొద్దీ కేకులు. ముందు రంగు రిబ్బన్లు కట్టిన కర్ర పట్టుకుని ఒకాయన పాడుతున్నాడు, బస్సంతా అందుకుంటోంది. బొజెన్నా దిగ్గున లేచి కూర్చుంది.

"మా టీచర్ ఎక్కడ?" అని పోలిష్‌లో అడిగింది. పక్కనున్న ముసలావిడ తల ఆడించి, ఆమె చేతిలో ఇంకా వేడి తగ్గని జున్ను రొట్టె ఒకటి పెట్టింది. బొజెన్నా బడిలో నేర్చిన రష్యన్‌లో మళ్లీ అడిగింది. ముసలావిడ ఇంకో రొట్టె పెట్టింది. ఏడవాలో తినాలో తోచక కాసేపు చూసి, చివరికి తిన్నది. ముందురోజు నుంచీ కడుపులో ఏమీ నిలవలేదు మరి.

అది పెళ్లివారి బస్సు. ఆ ముసలావిడ పేరు ఎటెల్. పెళ్లికూతురికి మేనత్త. పెళ్లికొడుక్కి స్లొవాకియాలో చుట్టాలున్నారని విన్నది కాబట్టి వేరే భాష మాట్లాడే ఈ పిల్ల వాళ్ల తాలూకేనని అనుకుంది. పెళ్లికొడుకు వైపు వాళ్లేమో, పెళ్లికూతురి మేనత్త పక్కన కూర్చుంది కనుక వాళ్ల పిల్లే అనుకున్నారు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. ఆ పూటకు మాత్రం పెళ్లి జరిగే ఊళ్లో దిగగానే ఎవరో ఆమె జాకెట్టుకు తెల్లపువ్వు గుచ్చారు, ఇంకెవరో చేతికి చంటిపిల్లాణ్ణి అందించి వెళ్లిపోయారు. చర్చిలో ఆ పిల్లాణ్ణి జోకొడుతూ నిలబడింది. విందులో కోడి పులుసు పోసిన వాళ్లు రెండోసారీ పోశారు. ఆ తర్వాత మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు. వద్దని చెయ్యి అడ్డం పెడితే, మొహమాటపడుతోందని ఇంకొకటి వేశారు.

భయం ఎక్కడ పోయిందో ఆమెకే తెలియలేదు. ఇంట్లో నలుగురు అక్కచెల్లెళ్ల మధ్య ఏనాడూ ఎవరూ ఇలా కొసరి వడ్డించలేదు.

గుట్టు ఫొటోల దగ్గర బయటపడింది. ఫొటోగ్రాఫర్ పెళ్లికూతురి వైపు వాళ్లను పిలిస్తే ఎటెల్ ఆమెను "పో, నువ్వు వాళ్లమ్మాయివి కదా" అన్నట్టు పక్కకు తోసింది. పెళ్లికొడుకు వైపు వాళ్లను పిలవగానే ఇంకో ఆవిడ ఇటు తోసింది. అటూ ఇటూ తోపులాటలో బొజెన్నా పచ్చికలో మధ్యన ఒంటరిగా మిగిలింది. అందరూ చూశారు.

"ఈ పిల్ల మీదా?"

"మీది కాదూ?"

"మాదెక్కడమ్మా! మీరేగా తెచ్చారు!"

బొజెన్నా చుట్టూ చూసింది. "అమ్మా..." అని పోలిష్‌లో గొణిగింది. తెల్లగౌను ఎత్తి పట్టుకుని పెళ్లికూతురు పరుగెత్తుకొచ్చింది. ఆమె పేరు పిరోష్కా. నూలు మిల్లులో పోలండ్ నుంచి వచ్చిన ఆడవాళ్ల పక్కన పనిచేసేది. మిల్లులో పనికొచ్చే పోలిష్ మాటలు మాత్రం వచ్చు.

"దారం తెగిందా?" అంది పిరోష్కా ఆత్రంగా.

బొజెన్నా తెల్లబోయింది. తర్వాత కిసుక్కున నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. పిరోష్కా ఆమె కళ్లు తన ముసుగు అంచుతో తుడిచి, మెల్లమెల్లగా సంగతంతా రాబట్టింది. అది వినగానే పెళ్లివారు రెండు జట్లూ ఒకటై నవ్వడం మొదలుపెట్టారు.

సాయంత్రం హాస్టల్ ముందు కునెగుండా టీచర్ పోలీసుకు బొజెన్నా జుట్టు రంగు చెబుతూ ఏడుస్తోంది. అప్పుడు పువ్వులు చుట్టిన కారు ఒకటి హారన్ మోగిస్తూ వచ్చి ఆగింది. అందులోంచి బొజెన్నా దిగింది, చేతిలో పెద్ద కేకుపెట్టె. ఏడుస్తున్న టీచర్ ఒక్క అంగలో వచ్చి చెయ్యెత్తింది.

"ఒసేయ్, నిన్ను..."

"కొట్టొద్దు!" అని వచ్చీరాని పోలిష్‌లో అంటూ వెనకే దిగిన పిరోష్కా అడ్డంగా నిలబడింది. "ఇవాళ పెళ్లి. కొడితే నా కాపురానికి మంచిది కాదు."

"మీరెవరమ్మా?"

"పెళ్లికూతురు."

"అది కనబడుతూనే ఉందిలెండి," అంది టీచర్. ఎత్తిన చెయ్యి దించింది. దించిన చేత్తోనే బొజెన్నాను దగ్గరికి లాక్కుంది, కేకుపెట్టె ఇద్దరి మధ్యా నలిగేంత గట్టిగా.

పెళ్లికొడుకు బెర్తలాన్ వెనక సీట్లోంచి అకార్డియన్ వాయించేవాణ్ణి దింపాడు. హాస్టల్ మెట్ల మీద నలిగిన కేకులు పిల్లలందరికీ పంచారు. పోలీసుకూ ఒకటిచ్చారు. ఆరేళ్లుగా తరగతిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని బొజెన్నాను ఆ సాయంత్రం అందరూ చుట్టుముట్టి, "తర్వాతేమైంది? తర్వాత?" అని ప్రాణం తీశారు. చెబుతుంటే తన గొంతు అంత బాగుంటుందని ఆమెకు మొదటిసారి తెలిసింది.

మొన్న వేసవిలో లుత్సీనా ఇంటి తోటలో పాత పిల్లలంతా కలిశారు. కునెగుండా టీచర్ కూడా చేతికర్రతో వచ్చింది, లుత్సీనా అందరికీ కేకు కోసి పెట్టింది. బొజెన్నా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. చివర్లో బెర్తలాన్ టీచర్ చెయ్యి పట్టుకుని ఆవరణలో గిరగిరా తిప్పిన సంగతి రాగానే అందరూ చప్పట్లు కొట్టారు.

"అబద్ధం," అంది టీచర్. "నేను డాన్స్ చెయ్యలేదు."

"మేమంతా చూశాం టీచర్!"

"కొత్త చెప్పులు కరిచాయి. అందుకని కాళ్లు కదిపాను, అంతే."

"మూడు పాటలు కదిపారు టీచర్," అంది బొజెన్నా.

"అంతలా కరిచాయే మరి," అని టీచర్ తన ప్లేటు ముందుకు జరిపింది. "ఆ కేకు ఇంకో ముక్క పెట్టు."