కార్లిస్ పెట్టె గొంతు

సోమవారం ఉదయం ఐడెల్ ప్రూయిట్ ఆ పెట్టెను తువ్వాలులో చుట్టి తెచ్చి లూడీ హాచర్ పనిబల్ల మీద పెట్టింది. తువ్వాలు విప్పగానే నిమ్మ వాసన వచ్చింది. లూడీకి సగం సంగతి అక్కడే అర్థమైంది.

పెట్టెను ఐడెల్ భర్త కార్లిస్ 1958లో చేశాడు. జానెడు పొడవు, రెండు పలచని గోడలు, పైన ఒక చివర మరతో బిగించిన మూత. మూత అడుగున సుద్ద రాసి గోడ అంచు మీద ఒరిపిస్తే ఆడ టర్కీ కోడి పిలిచినట్టు పలుకుతుంది. వసంతంలో ఆ పిలుపు విని మగ టర్కీ తుపాకీ అందే దూరానికి నడిచి వస్తుంది. అలబామాలోని ఆ కౌంటీలో ఇలాంటి పెట్టెలు ఇంటికి రెండైనా ఉంటాయి. కార్లిస్ చేసినవి మాత్రం అన్నీ కలిపి నలభై దాటవు. ఆయన పోయి ఆరేళ్లయింది.

వేట మొదలయ్యే ముందు శనివారం అగ్నిమాపక దళం షెడ్డులో చేపల విందు జరుగుతుంది. ఈ ఏడు విందయ్యాక పాత పెట్టెకూ కొత్త పెట్టెకూ పోటీ పెట్టారు. తెర వెనక ఒక్కడే మనిషి రెండింటినీ వాయిస్తాడు. తెర ముందు ఐదుగురు పెద్దలు విని, ఏది మేలో చీటీ మీద రాస్తారు. పాతది కార్లిస్‌ది. కొత్తది లూడీది.

లూడీకి యాభై ఒకటి. పొద్దునా సాయంత్రం స్కూలు బస్సు నడుపుతుంది, నడుమ దొరికిన వేళలో పెట్టెలు చేస్తుంది. పదకొండేళ్లుగా ఇదే పని. ఆమె పెట్టెల కోసం పక్క కౌంటీల నుంచి మనుషులు వస్తారు. సొంత ఊరి పెద్దల్లో ఒక్కరూ ఆమె పెట్టెను చేతిలోకి తీసుకోలేదు. "కొత్త పెట్టెలన్నీ దోమల జాలీ తలుపు కిర్రుమన్నట్టే ఉంటాయి" అని ఆ ఐదుగురిలో పెద్దవాడు హోయ్ట్ బ్రాసెల్ ఎప్పుడో అన్నాడు. ఆయన అన్నాడంటే మిగతా నలుగురూ అన్నట్టే. కార్లిస్ పెట్టె పక్కన నిలబడి తన పెట్టె ఒక్కసారి ఆ ఐదుగురి చెవిన పడాలి. లూడీకి కావలసింది అదే.

"ఏం చేశారు, ఐడెల్ గారూ?"

"తుడిచాను. అందరి ముందూ పెడతారు కదా, కళగా ఉంటుందని. కుర్చీలకి రాసే నిమ్మ నూనె రాశాను."

"లోపల కూడానా?"

"ఏ పనైనా సగంలో వదిలే అలవాటు నాకు లేదు. మూత వదులుగా ఊగుతోందని మర కూడా బిగించాను."

లూడీ మూతను అంచు మీద ఒరిపించింది. చెక్క మీద చెక్క జారింది. చప్పుడు రాలేదు.

ఐడెల్ కుర్చీలో కూలబడింది. ఆమెకు ఎనభై మూడు. "నలభై ఏళ్లు కాపురం చేసి ఆ మనిషి నోరు మూయించలేకపోయాను. ఇప్పుడు మూయించాను చూడు."

లూడీకి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఐడెల్ కళ్లు తుడుచుకుంటోంది.

"ఇది పలక్కపోతే శనివారం నీదే గెలుస్తుంది కదా?" అంది ఐడెల్.

"దీన్నిలా పట్టుకెళ్తే కుర్చీతో పోటీపడి గెలిచినట్టుంటుంది. వదిలేసి వెళ్లండి, చూస్తాను."

"నేను చేసిన పని ఎవరికీ చెప్పకు. హోయ్ట్‌కి తెలిసిందంటే నన్ను చర్చి మెట్లు ఎక్కనివ్వడు."

"చెప్పను."

అంచు మీద గరుకు కాగితం నాలుగుసార్లు తిప్పితే నూనె పోతుంది. దానితోపాటు కార్లిస్ చెక్కిన వంపూ పోతుంది. ఆ వంపు మందం వెంట్రుక మందానికి ఎక్కువ, గోటి మందానికి తక్కువ. పెట్టె గొంతంతా అందులోనే ఉంది. గరుకు కాగితం తగిలాక పలికేది కార్లిస్ పెట్టె కాదు, లూడీ పెట్టె.

ఆమె గరుకు కాగితాన్ని సొరుగులో పడేసింది. సుద్ద కడ్డీలు నూరి పొడి చేసింది. పెట్టెను బిస్కెట్ల డబ్బాలో పెట్టి నిండా పొడి పోసి, పొయ్యికి మూరెడు దూరంలో ఉంచింది. ఇంకా దగ్గర పెడితే చెక్క పగులుతుంది. సాయంత్రం బస్సు దిగి వచ్చి చూస్తే పొడి పచ్చబడి ముద్దలు కట్టింది. కుంచెతో దులిపి కొత్త పొడి పోసింది. మంగళవారం రెండుసార్లు మార్చింది, బుధవారం రెండుసార్లు. గురువారం సాయంత్రానికి పొడి తెల్లగానే ఉంది. మూతకు సుద్ద రాసి ఒరిపించింది. గొంతు వచ్చింది. అయితే అది కార్లిస్ పెట్టె గొంతు కాదు, సన్నగా, బిగదీసినట్టుంది. మర బిగించిన ఫలితం అది. మర ఇదివరకు ఎంత వదులుగా ఉండేదో చెప్పే గుర్తేదీ చెక్క మీద లేదు.

శుక్రవారం మధ్యాహ్నం లూడీ ఐడెల్‌ను పిలిపించింది. ఆమె అక్రోటు లాంటి పీకన్ కాయల గిన్నె చంకన పెట్టుకుని వచ్చింది.

"గోడవైపు తిరిగి కూర్చోండి. కార్లిస్ గారు వెనక కొట్టులో శ్రుతి చేస్తుంటే మీరు వంటింట్లోంచి వినేవారు కదా. అలాగే వినండి."

"వినక చస్తానా? అన్నం తిననిచ్చేవాడా?"

లూడీ ఒరిపించింది.

"ఇది పిల్ల. పెళ్లి కూడా కాలేదు దీనికి."

లూడీ మరను పావు చుట్టు వదిలి మళ్లీ ఒరిపించింది.

"దీనికి జలుబు చేసింది."

మరను అటు కొంచెం తిప్పింది, ఇటు కొంచెం తిప్పింది. ఐడెల్ కాయలు ఒలుస్తూనే ఉంది. "దగ్గరకొచ్చావు. ఇంకొంచెం విసుగు కావాలి. కార్లిస్ దానిది నలుగురు పిల్లల్ని లేపి, తలలు దువ్వి, స్కూలుకి పంపించిన గొంతు. నువ్వు ఇద్దర్నే పంపించావు."

గంటన్నర పట్టింది. ఒకసారి లూడీ ఒరిపించినప్పుడు ఐడెల్ కాయలు ఒలిచే చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"ఇంక ముట్టుకోకు," అంది, గోడవైపు నుంచి తిరక్కుండానే.

శనివారం షెడ్డులోంచి నీళ్ల లారీని బయటికి తోసి బల్లలు వేశారు. వేయించిన చేపలు, మొక్కజొన్న రొట్టె, చక్కెర టీ. తిన్నాక పోస్టాఫీసు ఎల్విన్ తెర వెనక్కి వెళ్లాడు. ముందు వరసలో హోయ్ట్ మధ్యన, మిగతా నలుగురూ అటిద్దరు ఇటిద్దరు కూర్చున్నారు. లూడీ తలుపు దగ్గర నిలబడింది.

మొదటి పెట్టె పలికింది. పై స్వరం సన్నగా లేచి, సగంలో విరిగి, కిందికి జీరతో దిగింది. విరిగే చోట ఊపిరి తీసుకున్నట్టు చిన్న ఖాళీ. ఏడు పిలుపులు. ఐడెల్ టీ గ్లాసు నోటిదాకా తెచ్చి తాగకుండా కింద పెట్టింది.

రెండోది పలికింది. ఇది గట్టిగా, శుభ్రంగా ఉంది. విరుపు ఉందిగానీ ఖాళీ లేదు. వెనక గోడకు తగిలి తిరిగి వచ్చింది. గాలి వీచే రోజున వాగు అవతలికి చేరేది ఇదే. లూడీకి ఆ సంగతి తెలుసు. మొదటిదానిలో ఉన్నది ఇందులో లేదనీ తెలుసు. అదేమిటో నాలుగు రోజులు చేతిలో పెట్టుకుని చూసింది కాబట్టి ఇప్పుడు మరీ బాగా తెలుసు.

ఎల్విన్ క్రమం మార్చి మరో రెండు విడతలు వాయించాడు. చీటీలు విప్పారు. మూడు కార్లిస్‌కు, రెండు లూడీకి.

రెండు అనగానే షెడ్డులో గుసగుసలు లేచాయి. హోయ్ట్ లేచి నిలబడ్డాడు. ఆయన చీటీలో ఏ పెట్టె ఎవరిదో కూడా రాసి ఉంది, మూడు విడతలూ, ఒక్క తప్పు లేకుండా.

"రెండు చీటీలు పడ్డాయి, సంతోషం. బస్సు నడిపే అమ్మాయికి అది తక్కువేం కాదు. కానీ అసలు సంగతి చూడండి. అది చేసి ముప్పై అయిదేళ్లయింది. ఆ పెట్టె మీద కార్లిస్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఇవాళ విన్నారుగా? అదీ పనంటే. అది ఇప్పటివాళ్లకి ఎక్కణ్ణించి వస్తుంది, నేనడుగుతున్నాను?"

లూడీ ఆ మాట నిలబడనిచ్చింది. హోయ్ట్ చెవి తప్పు చేయలేదు. ఆయన కార్లిస్‌దే అన్న గొంతు నిన్న మధ్యాహ్నం ఆమె మర తిప్పితే తిరిగి వచ్చిన గొంతు. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. వెన్ను నిటారుగా ఉంది.

ఐడెల్ బల్ల పట్టుకుని లేచింది.

"కూర్చో హోయ్ట్. పడిందయ్యా ఇంకో చెయ్యి. ముందు నాది పడింది. నిమ్మ నూనెతో తోమాను."

షెడ్డులో ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు.

"మర కూడా బిగించాను. సోమవారం అది కట్టె. ఈ అమ్మాయి నాలుగు రోజులు కూర్చుని నూనె లాగేసింది. నిన్న శ్రుతి చేసింది. నేను విన్నాను. కార్లిస్ తప్ప ఇంకెవరూ అక్కడికి తేలేరనుకున్నాను. చెప్పొద్దంటే ఒక్కరికీ చెప్పలేదు. ఇది ఇంక పలకదని నాతో ఒక్క మాట అని ఉంటే చాలు, ఐదు చీటీలూ ఈ అమ్మాయివే."

హోయ్ట్ తెర వెనక్కి వెళ్లి కార్లిస్ పెట్టెను తెచ్చి, దీపం కింద అంచు చూశాడు. కళ్లద్దాలు పైకి నెట్టి మళ్లీ చూశాడు.

"గరుకు కాగితం తగల్లేదే!"

"లేదు, మిస్టర్ హోయ్ట్."

"కత్తి?"

"ఏదీ తగల్లేదు. సుద్దపొడి అంతే."

"ఎన్నిసార్లు మార్చావు?"

"ఐదుసార్లు."

"నేనైతే మూడోసారికే గరుకు కాగితం తీసేవాణ్ణి," అన్నాడాయన. అది మిగతా నలుగురికీ వినబడింది.

కార్లిస్ పెట్టెను రెండు చేతులతో ఐడెల్ ముందు పెట్టాడు. ఎల్విన్ అప్పటికి లూడీ పెట్టె పట్టుకుని తెర పక్కన నిలబడి ఉన్నాడు. హోయ్ట్ జేబులోంచి చేతిగుడ్డ తీశాడు. చేపల నూనె పోయేదాకా వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు, అటూ ఇటూ. అప్పుడు లూడీ పెట్టె కోసం చెయ్యి చాపాడు.