వంటింటి అడ్డుగోడ

హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న గోడ కొట్టించేద్దామని కోడలు అన్న రోజు ఇన్‌స్పెక్టరమ్మ ఇంట్లో చిన్నసైజు యుద్ధమే జరిగింది. ఇన్‌స్పెక్టరమ్మ అంటే ఆవిడేదో పోలీసు ఉద్యోగం వెలగబెట్టిందని కాదు. పొయ్యి మీద గిన్నె దగ్గర్నుంచి పెరట్లో కుళాయి దాకా ఆవిడ తనిఖీ చెయ్యని వస్తువు లేదు గనక వీధివాళ్ళు పెట్టిన పేరది. డెబ్భై మూడేళ్ళొచ్చినా వంట ఆవిడదే. కోడలు కూరగాయలు తరిగిచ్చి ఆఫీసుకు పోవలసిందే గానీ గరిటె మాత్రం చేతికి దక్కదు.

"హాలు గుహలా ఉందత్తయ్యా. గోడ తీసేస్తే వెలుతురొస్తుంది. మీరు వంట చేసుకుంటూనే మాతో కబుర్లు చెప్పొచ్చు."

"నా కబుర్లకి గోడేం అడ్డమే? వీధి చివరిదాకా వినిపిస్తాయిగా."

"పోనీ, గాలన్నా ఆడుతుంది."

"మిరపకాయల ఘాటు కూడా ఆడుతుంది. అందరూ సోఫాలో కూర్చుని తుమ్ముదురుగాని."

కొడుకు నవ్వాడు గానీ కోడలు నవ్వలేదు. పాపం, ఆ పిల్లకి మాత్రం ఏం తెలుసు?

అసలు సంగతేమిటంటే, ఇన్‌స్పెక్టరమ్మకి కళ్ళు కనిపించవు. ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంట్లో వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. రెండేళ్ళ కిందట, ఇంకా కాస్త కనిపిస్తున్నప్పుడే, ఒక్కతే వెళ్ళి చూపించుకుంటే నరం ఎండిపోతోంది, ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి "కళ్ళజోడు మార్చుకోమన్నాడు" అని చెప్పి ఊరుకుంది. అప్పట్నుంచి ఎంత నేర్పుగా నెట్టుకొస్తోందని! పేపరు చదవాలంటే మనవరాలిని పిలిచి "ఏదీ, గట్టిగా చదువు, నీ ఉచ్చారణ చూద్దాం" అంటుంది. టీవీలో ఆ అమ్మాయి వేసుకున్న రంగు బాలేదంటుంది. ఎవరికీ అనుమానం రాదు. ఆవిడకి ఏ రంగు నచ్చింది గనక ఎప్పుడైనా!

ఆ నేర్పంతా ఆ గోడ మీదే నిలబడి ఉంది. పడగ్గది గుమ్మం దాటి చెయ్యి గోడకానిస్తే నాలుగడుగుల్లో స్విచ్‌బోర్డు, ఇంకో మూడడుగులకి క్యాలెండరు, ఆ తర్వాత పెచ్చులూడిన చోటు, పద్నాలుగో అడుగుకి వంటింటి గుమ్మం. లోపల ఏ డబ్బా ఎక్కడుందో చేతులకు తెలుసు. గోడ పోయిందా, నడిహాల్లో ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతుంది. పోనీ నిజం చెబుదామా అంటే కుర్చీలో కూర్చోబెడతారు. చూపు పోయాక తన పెద్దక్కని అలాగే కూర్చోబెట్టారు. ముద్దలు కలిపి నోటికందించారు, చెయ్యిపట్టి నడిపించారు, ఎంతో ప్రేమగా చూసుకున్నారు. ఆర్నెల్లకి పెద్దక్క మాట్లాడటం మానేసింది.

అందుకే మొండికేసింది. ఇంటి బరువంతా ఆ గోడ మీదే ఉందంది. మీ నాన్న దగ్గరుండి కట్టించాడంది. తన శవం లేచాక పడగొట్టుకోమంది. కొలతలకొచ్చిన మేస్త్రీకి మూడు చెరువుల నీళ్ళు తాగించింది. చివరికి కొడుక్కి విసుగొచ్చింది.

"ప్రతిదానికీ అడ్డుపడితే ఎలాగమ్మా? తనకీ ఇది ఇల్లేగా!"

ఇన్‌స్పెక్టరమ్మ గోడ పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

సోమవారం సామానంతా గదుల్లోకి చేరింది. కొడుకూ కోడలూ టైల్స్ కొట్టుకి వెళ్ళారు. మేస్త్రీ గోడ మీద సుద్దతో గీతలు గీసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ గోడ పట్టుకుని వస్తూ వస్తూ నేరుగా అతన్ని గుద్దుకుంది.

మేస్త్రీ ఆవిడ మొహంలోకి చూశాడు. చెయ్యి అటూ ఇటూ ఊపి చూశాడు.

"పెద్దమ్మా, మీకు కళ్ళు..."

"నువ్వు మేస్త్రీవా, డాక్టరువా? నీ పని చూసుకో!" అని గదమాయించింది.

మేస్త్రీ సుద్దముక్క కింద పెట్టేశాడు. "చెప్పెయ్యండి పెద్దమ్మా. మీ కోడలు మంచిదే. తెలిస్తే ఒక్క ఇటుక ముట్టనివ్వదు."

ఆవిడ గోడకి వీపానించింది. చెప్పకపోతే గోడ పోతుంది, దాంతోపాటే నడకా పోతుంది. చెప్తే గోడన్నా మిగులుతుంది, గోడుంటే నడవచ్చు కదా అనుకుంది.

సాయంత్రం కొట్టు నుంచి రాగానే కోడలు రెండు టైలు ముక్కలు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "వీటిలో ఏది బాగుందో మీరే చెప్పండత్తయ్యా. మీరేదంటే అదే."

"నాకు కనిపించవే అమ్మాయ్. కళ్ళు పోయాయి."

కొడుకు చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. కోడలు ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి "నా నోరు పడిపోనూ, గోడ తీసేద్దామని నేనెలా అన్నాను!" అని ఒకటే ఏడుపు.

గోడ నిలిచింది. నిలవడమేమిటి, పెచ్చులూడిన చోట పూత పూసి, లేత పసుపు రంగు వేసి, ఆవిడ చేతికందే ఎత్తులో నున్నటి కొయ్య కడ్డీ కూడా బిగించారు. కొత్త టైల్స్ పరిచిన హాల్లో కిటికీ పక్కన మెత్తటి వాలుకుర్చీ వేశారు. వంటకి మనిషిని పెట్టారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కుర్చీలోంచి లేచిందో లేదో, "అయ్యో అత్తయ్యా, ఎక్కడికి? నన్ను పిలవచ్చుగా!" అంటూ కోడలు పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. మళ్ళీ లేస్తే మనవరాలు వచ్చింది. ఆ తర్వాత కొడుకు. వంటింట్లో మంటుంటుందమ్మా, పడితే ఏం కాను, అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ అరిచింది, తిట్టింది, అన్నం మానేసింది. ఇదివరకైతే ఎదురు తిరిగి పోట్లాడేవాళ్ళు. ఇప్పుడు ఎంత తిట్టినా "సరే అత్తయ్యా, సరే" అని జాలిగా తల నిమిరారు. అలా నిమిరినప్పుడు ఆవిడకి చచ్చిపోవాలనిపించింది.

నెల తర్వాత తలుపు గడియ సరిచేయడానికి మేస్త్రీ వచ్చాడు. కుర్చీలో ఆవిణ్ణి చూసి నొచ్చుకున్నాడు.

"ఇంట్లో ఎవరున్నారు నాయనా?" అనడిగింది మెల్లిగా.

"మీ కోడలుగారే. స్నానానికెళ్ళారు."

"అయితే కాస్త చూస్తూ ఉండు. నీళ్ళ చప్పుడు ఆగితే చెప్పు."

లేచి, కడ్డీ పట్టుకుని, తన ఇంట్లో తనే దొంగలా నడిచింది. వంటింటి గుమ్మం ముట్టుకుంది. వెనక్కి తిరిగి మళ్ళీ నడిచింది. మూడోసారి నడుస్తుండగా మేస్త్రీ "పెద్దమ్మా!" అన్నాడు. గబగబా వచ్చి కూర్చుంది. కోడలు తల తుడుచుకుంటూ వచ్చి ఏమైనా కావాలా అంటే "ఏం వద్దే తల్లీ" అంది.

మేస్త్రీ పనిముట్లు సర్దుకుంటుంటే, కోడలు లోపలికెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు నాయనా?"

"పనంతా అయిపోయింది పెద్దమ్మా," అన్నాడతను.