నాలుగింటి ఎండ వేసిన దావా

మా మూడో నెంబరు షాపులోకి రోజూ సాయంత్రం నాలుగింటికి వచ్చే ఎండ నా మీద దావా వేసింది. సమన్లు తెచ్చిన కోర్టు మనిషి కాగితాన్ని జేబురుమాలుతో పట్టుకుని ఇస్తాడు, వేడిగా ఉందని. నేను సంతకం చేసి, చల్లారాక చదువుకుంటాను.

ఎండ అడిగేది ఒకటే. షాపు పడమటి కిటికీకి అడ్డంగా నేను ఏమీ కట్టకూడదట.

నాకు కట్టక తప్పదు. కాకినాడ మెయిన్ రోడ్డులో మా నాన్న వదిలి వెళ్ళిన నాలుగు షాపుల మీదే నా బతుకు. వాటి స్లాబు పెచ్చులూడి అద్దెకున్నవాళ్ళ నెత్తిన పడుతోంది. పాతది పడగొట్టి ఆరంతస్తులు లేపి, అందులో సగం నాకిస్తానని గన్నిరాజు గారనే డెవలపరు అగ్రిమెంటు రాయించుకున్నారు. దావా ఓడిపోతే ఆయన వెళ్ళిపోతారు. తర్వాత స్లాబు కూడా వెళ్ళిపోతుంది.

"ఎండేంటండి బాబూ, దావా ఏంటండి! నాలుగ్గోడలు లేపేస్తే అదే పోద్దండి" అంటారు గన్నిరాజు గారు. కోపం వచ్చినప్పుడల్లా ఆయన ఒక అంతస్తు పెరుగుతారు. ఇప్పుడు ఆయనతో మాట్లాడాలంటే నేను ఎదురింటి డాబా ఎక్కాలి.

మా లాయరు సోమయాజులు గారు మాత్రం నిదానస్తులు. ఎండ వేసిన కాగితాలు నీడలో కూర్చుని చదువుతారు, లేకపోతే అక్షరాలు ఎగిరిపోతున్నాయి.

"అనసూయ గారూ, ఇది చాలా ఏళ్ళుగా వస్తోందండి. ఎవర్నీ అడక్కుండా, అందరూ చూస్తుండగా అన్నేళ్ళు వస్తే అది హక్కయిపోతుంది. అదే మీ నాన్నగారు సరేనంటేనే వచ్చిందనుకోండి, అది మీ దయ. దయని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు."

"అయితే నేనేం చెప్పాలండి?"

"నాన్నగారు రానిచ్చేవారు అనండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ ఒక్క మాటా చీర కొంగున ముడేసుకుని కోర్టుకు వెళ్తాను.

బంట్రోతు గుమ్మంలో నిలబడి "ఎండా! ఎండా! ఎండా!" అని మూడుసార్లు పిలుస్తాడు. ఎండ మెట్లెక్కి వస్తుంది. ఈ హాలుకు పడమర వైపు కిటికీ లేదు, ఆ సంగతి ఎండకు ఎవరూ చెప్పినట్టు లేదు. వచ్చి బల్ల మీద పరుచుకుంటుంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వాదికి మంచినీళ్ళు కావాలేమో అడగమంటారు.

నేను సాక్షి బోనెక్కుతాను. బోను కర్ర చేతికి తగలగానే తెలుస్తుంది, ఇది మా నాన్న బల్ల. వాచీల నూనె వాసన, అంచుకు నేను చిన్నప్పుడు పెట్టిన పంటిగాటు.

నాన్న మూడో నెంబరు షాపులో వాచీలు బాగుచేస్తున్నాడు. కంటికి భూతద్దం ఉంది. పొద్దుటి నుంచీ నలుసంత స్క్రూ ఒకటి దొరకడం లేదు. నేను గౌనులో, పక్కన బెంచీ మీద, కాళ్ళు ఊపుతూ కూర్చున్నాను. నాలుగవగానే నాన్న తల ఎత్తకుండానే అంటాడు:

"అమ్మడూ, కాస్త జరుగమ్మా. అది కూర్చోవద్దూ?"

నేను తూర్పుకు జరుగుతాను. ఆయన కూడా స్టూలు జరుపుకుంటాడు. ఎండ మా ఇద్దరి మధ్యా కూర్చుంటుంది. ఆ వెలుగులో నా కాలి దగ్గర స్క్రూ మెరుస్తుంది. వంగి తీసుకుంటాను. నాన్నని చూసి ఎన్నేళ్ళయిందో! స్క్రూ గుప్పిట్లో పెట్టుకుని ఆయన్నే చూస్తుంటాను.

"మీ నాన్నగారు రానిస్తేనే వచ్చేది, అవునా?" బోను బయటినుంచి సోమయాజులు గారి గొంతు.

కొంగు ముడి విప్పి చూస్తాను. అక్కడ మాట లేదు, గోరువెచ్చగా ఉందంతే.

"రమ్మనలేదండి. పొమ్మనలేదు. అదొస్తే మేమే జరిగేవాళ్ళం."

సోమయాజులు గారు ఫైలు మూసేస్తారు. వెనక వరసలో గన్నిరాజు గారు ఒక్కో అంతస్తూ దిగి, పునాది దాకా వచ్చి ఆగుతారు. ఆరంతస్తులూ పోయాయని నాకు తెలుసు. ఏడుపొస్తుంది, కానీ ఆ ఏడుపు అంతస్తుల కోసం కాదు.

"జరిగేవారా? ఎటు?" అంటారు జడ్జిగారు.

"తూర్పుకండి."

"అయితే జరగండి" అని తీర్పు రాయిస్తారు.

తీర్పు అమలు చేసే అమీను డప్పు కొట్టిస్తూ మెయిన్ రోడ్డుకు వస్తాడు. మా నాలుగు షాపులూ కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు షట్టర్లు పైకెత్తి, అద్దెకున్నవాళ్ళతో సహా తూర్పుకు జరుగుతాయి. వాటికి చోటివ్వడానికి రోడ్డు జరుగుతుంది, రోడ్డు కోసం కోర్టు, కోర్టు కోసం ఓడరేవు. చివరికి సముద్రం కూడా లేచి, ఏమీ అనుకోకుండా పక్కకు జరుగుతుంది.

ఖాళీ అయిన చోట ఎండ కూర్చుంటుంది. కాసేపయ్యాక అది కూడా కాస్త జరుగుతుంది.

అది జరిగిన చోట స్టూలు మీద మా నాన్న ఉన్నాడు. కంటికి భూతద్దం పెట్టుకుని, వాచీకి విప్పినట్టు సముద్రానికి వెనక మూత విప్పి, లోపల వెతుకుతున్నాడు. సముద్రం ఆగిపోయి ఉంది.

స్క్రూ నా గుప్పిట్లోనే ఉంది. ఇస్తే బిగించేస్తాడు. సముద్రం మళ్ళీ నడుస్తుంది, టైము నాలుగు దాటిపోతుంది.

"అమ్మడూ, నీకేమన్నా కనిపించిందా?" అంటాడు నాన్న.

"లేదు నాన్నా" అని, గుప్పిట బిగించి, ఆయన వైపు జరుగుతాను.