లప్పం పెట్టిన పన్ను

ఆయన గోడలకు రంగులు వేసే మనిషి. రంగు ముట్టుకునే ముందు గోడనంతా అరచేత్తో తడుముతాడు. మేకు దిగిన బొక్క ఒక్కటి తగిలినా చాలు, ఇంత లప్పం పెట్టి నున్నగా గీరేదాకా ఊరుకోడు. ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

ఇంట్లో అందరూ పిడుగు అని పిలిచే ఆరేళ్ల కూతురంటే ఆయనకు ప్రాణం. తరగతి గోడకు అంటించడానికి ఎవరి ఫోటో వాళ్లు తెచ్చుకోవాలని బడిలో చెప్పారు. స్టూడియో ఎందుకు, నేను లేనా అన్నాడు. సెలవురోజు పొద్దున కిటికీ పక్కన స్టూలు వేసి పిల్లను కూర్చోబెట్టాడు. ముఖం మీద ఒకవైపు నీడ పడుతోందని, తెల్ల ప్రైమరు కొట్టిన చెక్కను ఆ పక్కన భార్యచేత పట్టించాడు. వెలుగు చెక్కకు తగిలి పిల్ల చెంప మీదికి మెత్తగా వచ్చింది. ఇరవై ఏళ్లుగా గోడల మీద వెలుగును చూస్తున్నవాడికి ఆ మాత్రం తెలియదా.

పిడుగు నోరంతా తెరిచి నవ్వింది. పైవరసలో ముందు పన్ను లేదు.

భోజనాల వేళకి ఆయన ఫోనులో ఫోటో దిద్దడంలో మునిగిపోయాడు. వెలుగు కాస్త పెంచాడు, వెనక గోడ మీది మరక తుడిచాడు. తరవాత వేలు ఆ సందు దగ్గర ఆగింది. పక్క పన్నునే మరొకటి చేసి అక్కడ అతికించాడు. ఫోనులో చోటు లేదని అసలు ఫోటోతో సహా మిగతావన్నీ చెరిపేశాడు కూడా.

"ఎలా ఉంది తల్లీ?"

పిడుగు ఫోను తీసుకుని చాలాసేపు చూసింది. "నా సందేది?"

"పూడ్చేశానమ్మా. ఊడినట్టే తెలీదు."

పిల్ల ఫోను బల్ల మీద పెట్టి లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

"పిల్లనుకున్నారా, గోడనుకున్నారా?" అంది భార్య. "క్లాసులో అందరికీ ఊడాయి, దీనికే ఊడలేదని పాలపళ్ల పాప అంటూ ఏడిపించారు. మొన్న మీరు పని మీద వెళ్లినప్పుడు ఊడితే ఇల్లంతా గంతులేసింది. వాళ్ల ఫోటోల పక్కన తన సందు కూడా గోడెక్కాలని దీని ఆశ. మీరేమో లప్పం పెట్టారు."

పన్ను లేకపోతే గంతులు వేసేవాళ్లుంటారని ఆయనకు తోచనే లేదు. ఎప్పుడో పరంజా మీంచి జారి ముందుపన్ను పోగొట్టుకున్నాడు. అప్పట్నుంచి నోరు మూసుకునే నవ్వుతాడు, పెళ్లి ఫోటోలో కూడా అంతే.

మర్నాడు బడికి ముందు మళ్లీ అదే కిటికీ, అదే చెక్క. పిడుగు మాత్రం మూతి బిగించుకు కూర్చుంది.

"నవ్వమ్మా."

"మళ్లీ పూడ్చేస్తావు."

"ఒట్టు, ముట్టుకోను."

"మరి నువ్వెప్పుడూ నోరు మూసుకునే నవ్వుతావేం?"

ఆయన ఫోను భార్య చేతికిచ్చి, స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, పెదవి ఎత్తి చూపించాడు.

పిడుగు కళ్లింతలు చేసుకుని వేలు పెట్టి చూసింది. "నాదానికంటే పెద్దది" అని ఒప్పుకుంది. "నీకెప్పుడొస్తుంది?"

"నాకింక రాదమ్మా. నువ్వు లప్పం పెట్టు, నేను నవ్వుతా."

పిడుగుకు అదెందుకో తెగ నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయనా నవ్వాడు, నోరు తెరిచే. భార్య చెక్క వదిలేసి ఫోను నొక్కింది. చెక్క లేక ఇద్దరి ముఖాల మీదా ఒకవైపు నీడ పడింది, గోడ మీది మరక ఉన్నచోటే ఉంది. ఆయన దేన్నీ దిద్దలేదు. అందుకోసం చేతులు కట్టుకు కూర్చోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

దారిలో ప్రింటు తీయించి బడికి తీసుకెళ్లాడు. టీచరు ఫోటో చూసి, "నీ ఒక్కదానిదే తెమ్మన్నాం కదా, నాన్నగారు కూడా ఎందుకు?" అంది.

"నాకు మళ్లీ వస్తుంది టీచర్, మా నాన్నకి రాదు" అంది పిడుగు. "అందుకే నిన్న ఫోటోలో నాకు ముందే పన్ను పెట్టేశాడు, పాపం."

గుమ్మంలో నిలబడ్డ ఆయన నవ్వాడు. నోరు మూసుకోవడం గుర్తురాలేదు.